ఏ దేశాల మైత్రి గట్టిది? ఒప్పందాలు చదివితే తెలియదు

1373లో ఇంగ్లండ్, పోర్చుగల్ రాజులు ఒక మైత్రీ ఒప్పందం చేసుకున్నారు. 1386లో విండ్సర్‌లో మరో ఒప్పందంతో దాన్ని ఇంకా బిగించారు. నేటికీ చెల్లుబాటులో ఉన్న మైత్రీ ఒప్పందాల్లో ఇదే అతి పాతదని సాధారణంగా చెబుతారు. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1943లో, అట్లాంటిక్ సముద్రంలోని అజోర్స్ దీవుల్లో స్థావరాలు కావలసి వచ్చినప్పుడు చర్చిల్ ప్రభుత్వం ఈ ఒప్పందాన్నే పోర్చుగల్‌కు గుర్తు చేసింది. యుద్ధంలో తటస్థంగా ఉన్న పోర్చుగల్ కాదనలేదు. 1961 డిసెంబరులో పాత్రలు తారుమారయ్యాయి. భారత సైన్యం గోవా మీదికి వస్తోందని, మిత్రధర్మం పాటించమని పోర్చుగల్ బ్రిటన్‌ను కోరింది. కామన్వెల్త్ సభ్యదేశమైన భారత్ మీద బ్రిటన్ ఆయుధం ఎత్తలేదు. భారత్ వెనక్కి తగ్గాలన్న తీర్మానాన్ని భద్రతా మండలిలో బలపరచింది, దాన్ని సోవియట్ యూనియన్ వీటో చేసింది, అక్కడికి బ్రిటన్ బాధ్యత తీరిపోయింది. డిసెంబరు 19న గోవాలోని పోర్చుగీసు గవర్నర్ జనరల్ లొంగిపోయాడు.

ఆరు వందల ఏళ్ల వయసున్న ఒప్పందం గతే అలా ఉన్నప్పుడు, దేశాల స్నేహాల గురించి మనం రోజూ చూసే జాబితాలను ఎంతవరకు నమ్మాలి? నాయకులు ఎన్నిసార్లు ఆలింగనం చేసుకున్నారో, ఉమ్మడి ప్రకటనలో ఎన్ని విశేషణాలు వాడారో చూసి మైత్రి బలాన్ని లెక్కగట్టడం నాకు నచ్చదు. వాణిజ్యం లెక్క కూడా సరిపోదు. చైనా, జపాన్‌ల మధ్య వ్యాపారం చాలా మిత్రదేశాల వ్యాపారానికి తీసిపోదు, అయినా వాటిని మిత్రులని ఎవరూ అనరు. కొన్నేళ్లుగా ఈ విషయం మీద దొరికినదల్లా చదువుతూ నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే. ఒక దేశం తన రక్షణలో ఏ భాగాన్ని, మళ్లీ సులువుగా వెనక్కి తీసుకోలేని విధంగా, ఎదుటి దేశం చేతిలో పెట్టింది? సైన్యం మీద అధికారమా, ఆయుధమా, రహస్యమా? ఇందులో ఏదీ పెట్టకపోతే అది మంచి స్నేహం కావచ్చు గానీ, గట్టి కూటమి మాత్రం కాదు.

ఈ కొలబద్దతో చూస్తే నాటో కూడా మనం అనుకున్నంత సరళంగా కనిపించదు. 1949 నాటి వాషింగ్టన్ ఒప్పందంలోని 5వ అధికరణాన్ని చాలామంది 'ఒకరి మీద దాడి జరిగితే అందరూ యుద్ధానికి దిగాలి' అని అర్థం చేసుకుంటారు. అసలు పాఠంలో ఉన్నది, ఒకరి మీద దాడిని అందరి మీద దాడిగా పరిగణించి, ప్రతి సభ్యదేశమూ తాను అవసరమనుకున్న చర్య తీసుకుంటుందని. ఆ చర్యలో సాయుధబలం కూడా ఉండవచ్చునని. అవసరమా కాదా అన్నది ఎవరికి వారే తేల్చుకోవాలి. ఇప్పటివరకు ఆ అధికరణాన్ని ఒక్కసారే ప్రయోగించారు, అదీ అమెరికా యూరప్‌ను కాపాడడానికి కాదు. 2001 సెప్టెంబరు 11 దాడుల మర్నాడు యూరప్ దేశాలూ కెనడా అమెరికా పక్షాన నిలవడానికి ప్రయోగించారు. ఆ అక్టోబరు నుంచి 2002 మే వరకు నాటోకు చెందిన ఏడు అవాక్స్ రాడార్ విమానాలు అమెరికా ఆకాశంలో కాపలా తిరిగాయి. 13 దేశాల సిబ్బంది వాటిని నడిపారు. అమెరికా గగనతలాన్ని యూరప్ సైనికులు గస్తీ కాయడం అన్నది ఒప్పందం రాసినవాళ్లెవరూ ఊహించి ఉండరు.

నాటోకు నిజమైన బలం 5వ అధికరణం కన్నా, శాంతికాలంలోనే పనిచేసే ఉమ్మడి సైనిక కమాండ్‌లో ఉంది. ఫ్రాన్స్‌కు ఇది బాగా తెలుసు. 1966లో అధ్యక్షుడు ద గాల్ నాటో ఒప్పందంలో కొనసాగుతూనే ఉమ్మడి కమాండ్ నుంచి తప్పుకున్నాడు; ఫ్రెంచి సైనికుడికి ఫ్రెంచివాడే ఆజ్ఞ ఇవ్వాలన్నది ఆయన పట్టు. ఆ కమాండ్‌లోకి ఫ్రాన్స్ తిరిగి రావడానికి 2009 దాకా పట్టింది. మరోపక్క గ్రీసు, టర్కీ 1952 నుంచీ నాటో సభ్యులే, 1974లో సైప్రస్ విషయంలో దాదాపు యుద్ధం అంచుకు వెళ్లాయి. 32 దేశాలున్న కూటమిలో ప్రతి జంట మధ్యా ఒకే బలం ఉండదు. అందుకే జంటలను విడివిడిగా చూడడమే మేలు.

ముందుగా అమెరికా, బ్రిటన్. ఈ రెండింటిదీ భాషాబంధమనీ రక్తబంధమనీ చెప్పే మాటలు నాకు అంత బరువుగా అనిపించవు. 1956లో సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి ఈజిప్టు మీద దాడి చేసినప్పుడు, అమెరికా బ్రిటన్ పౌండును ఆదుకోవడానికి నిరాకరించి, మెడలు వంచి మరీ వెనక్కి పంపింది. రక్తబంధం అప్పుడేమీ అడ్డురాలేదు. విచిత్రమేమిటంటే, ఆ అవమానం జరిగిన రెండేళ్లకే, 1958లో, అణ్వాయుధ రహస్యాలను పంచుకునే ఒప్పందం మీద ఆ రెండు దేశాలే సంతకాలు చేశాయి. ఫ్రాన్స్ సూయజ్ నుంచి 'అమెరికాను నమ్మకూడదు' అన్న పాఠం నేర్చుకుంటే, బ్రిటన్ 'అమెరికాకు దూరం కాకూడదు' అన్న పాఠం నేర్చుకుంది. తరువాతి అరవై ఏళ్ల యూరప్ చరిత్రలో చాలా భాగం ఈ తేడా నుంచే వచ్చిందని నా అభిప్రాయం.

ఆ దగ్గరితనం ఎంతవరకు వెళ్లిందో చూడాలంటే బ్రిటన్ అణు జలాంతర్గాములను చూడాలి. వాన్‌గార్డ్ తరగతికి చెందిన నాలుగు జలాంతర్గాములు స్కాట్లాండ్‌లోని ఫాస్‌లేన్ స్థావరం నుంచి బయలుదేరుతాయి. వాటిలో కనీసం ఒకటి ఎప్పుడూ సముద్రగర్భంలోనే ఉంటుంది. పడవ బ్రిటన్‌ది, వార్‌హెడ్ (క్షిపణి కొనన ఉండే అణుబాంబు) బ్రిటన్‌లో తయారైనది, కానీ దాన్ని మోసే ట్రైడెంట్ క్షిపణి అమెరికాది. క్షిపణులు కావలసి వచ్చినప్పుడు బ్రిటిష్ జలాంతర్గామి అట్లాంటిక్ దాటి అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఉన్న కింగ్స్ బే స్థావరానికి వెళ్లి, రెండు దేశాల ఉమ్మడి నిల్వ నుంచి వాటిని ఎక్కించుకుంటుంది. ఫలానా క్షిపణి మాది, ఫలానాది మీది అన్న లెక్క ఆ నిల్వలో లేదు. మరమ్మతులూ అక్కడే. తిరిగి వచ్చాక స్కాట్లాండ్‌లోని కౌల్‌పోర్ట్‌లో వార్‌హెడ్లు అమరుస్తారు.

అలాగని మీట నొక్కడానికి అమెరికా అనుమతి అక్కరలేదు. ప్రయోగించే అధికారం బ్రిటన్ ప్రధానిదే. కొత్తగా పదవిలోకి వచ్చిన ప్రతి ప్రధానీ, దేశమే నాశనమై తానూ మరణిస్తే ఏం చేయాలో నాలుగు జలాంతర్గాముల సారథులకు సొంత దస్తూరీతో లేఖలు రాసి సీలు వేసి ఇస్తారు. పదవి దిగిపోయాక వాటిని చదవకుండానే ధ్వంసం చేస్తారు. ఆ నిర్ణయం అంత సొంతం. అయినా అమెరికా రేపు క్షిపణుల నిర్వహణ ఆపేస్తే బ్రిటన్ అణుబలం వెంటనే కాకపోయినా కొన్నేళ్లలో మూలనపడుతుంది. తన చివరి రక్షణకు కావలసిన పనిముట్టును మరో దేశం గోదాములో ఉంచుకున్న అణ్వస్త్ర దేశం ప్రపంచంలో ఇంకొకటి లేదు. 1946లో మొదలైన నిఘా సమాచార ఒప్పందం, దాని నుంచి పెరిగి కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లను కలుపుకున్న 'ఫైవ్ ఐస్' ఏర్పాటు దీనికి అదనం. ఆ 1946 ఒప్పందం పాఠాన్ని ప్రజల ముందు పెట్టింది 2010లో. వియత్నాంకు సైన్యం పంపమంటే బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్ పంపలేదు, 1983లో బ్రిటన్ రాణే దేశాధినేతగా ఉన్న గ్రెనడా మీద అమెరికా దండెత్తితే ప్రధాని థాచర్ మండిపడింది. ఈ తగవుల్లో ఏదీ కింగ్స్ బే దాకా చేరలేదు. గట్టు తగాదాతో మాటలు మానేసిన ఇద్దరు రైతులు కూడా పొలాలకు ఒకటే బోరు ఉన్నప్పుడు మోటారు కాలిపోతే కలిసే బాగుచేయించుకుంటారు. ఈ మైత్రి అటువంటిది.

అమెరికా, కెనడాల నోరాడ్ కూడా ఇంచుమించు అంత గట్టిదే, అంతగా ప్రచారం లేనిది. ఉత్తర అమెరికా గగనతలాన్ని కాపాడడానికి 1958లో ఈ రెండు దేశాలు ఒకే కమాండ్ పెట్టుకున్నాయి. అధిపతి అమెరికన్, ఉపాధిపతి కెనడియన్; ఇద్దరూ రెండు ప్రభుత్వాలకూ జవాబుదారులు. 2001 సెప్టెంబరు 11 ఉదయం కొలరాడోలోని షయాన్ పర్వతం లోపలి నోరాడ్ కేంద్రంలో బాధ్యతలో ఉన్నది ఒక కెనడా సైన్యాధికారి. అమెరికా చరిత్రలోనే అతి భయంకరమైన గంటల్లో ఆ కేంద్రాన్ని నడిపినవాడు అమెరికన్ కాదన్న సంగతి చాలామంది అమెరికన్లకే తెలియదు. 2025లో ట్రంప్ కెనడాను 51వ రాష్ట్రం చేస్తానంటూ, సుంకాలు విధిస్తూ వచ్చినప్పుడు కెనడా ప్రజల్లో పుట్టిన ఆగ్రహం చిన్నది కాదు. 88 అమెరికన్ ఎఫ్-35 యుద్ధ విమానాల కొనుగోలును సమీక్షిస్తామని వారి ప్రభుత్వం ప్రకటించింది కూడా. నోరాడ్ మాత్రం రోజువారీ పని చేసుకుంటూ పోయింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే మైత్రి దక్షిణ కొరియాది. 1950 జులైలో, ఉత్తర కొరియా దాడితో దేశం చేజారిపోతున్న వేళ, అధ్యక్షుడు సింగ్మన్ రీ తన సైన్యం మీద అధికారాన్ని ఒక లేఖతో అమెరికా జనరల్ మెకార్థర్‌కు అప్పగించాడు. ఆ లేఖ ప్రభావం నేటికీ పూర్తిగా తొలగలేదు. 1978లో ఉమ్మడి కమాండ్ ఏర్పాటైంది; శాంతికాలపు అధికారం 1994లో కొరియాకు తిరిగి వచ్చింది; యుద్ధమే వస్తే మాత్రం నేటికీ ఉమ్మడి సేనలకు నాయకత్వం వహించేది అమెరికా జనరల్, ఆయనకు కొరియా జనరల్ ఉపనాయకుడు. యుద్ధకాలపు అధికారాన్ని 2012లో అప్పగించాలనుకున్నారు, దాన్ని 2015కు జరిపారు, ఆ తరువాత గడువే తీసేసి 'తగిన పరిస్థితులు ఏర్పడినప్పుడు' అన్నారు. ప్రపంచంలోని పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో ఒకటైన దేశం, సొంతంగా యుద్ధట్యాంకులు, యుద్ధనౌకలు, యుద్ధ విమానాలు తయారుచేసుకుని ఎగుమతి చేసే దేశం, తన సైన్యపు యుద్ధకాల నాయకత్వాన్ని మరొకరికి వదిలి ఉంచడం సామాన్యమైన విషయం కాదు.

ఇదంతా బలవంతపు బంధమని కొట్టిపారేయడానికి వీలులేదు. ఒప్పందం కోసం పట్టుబట్టింది బలహీనుడే. 1953లో అమెరికా ఎలాగైనా యుద్ధ విరమణ చేసుకుని బయటపడాలని చూస్తుంటే, తమను గాలికి వదిలేస్తారన్న భయంతో రీ ఆ జూన్‌లో ఎవరికీ చెప్పకుండా సుమారు 27,000 మంది ఉత్తర కొరియా యుద్ధఖైదీలను విడిచిపెట్టి చర్చలను దాదాపు చెడగొట్టాడు. ఆయనను దారికి తేవడానికి అమెరికా ఇచ్చిన మూల్యమే ఆ అక్టోబరులో జరిగిన పరస్పర రక్షణ ఒప్పందం. చిన్నదేశం పెద్దదేశాన్ని ఇంత మొండిగా కట్టిపడేసిన సందర్భాలు అరుదు. ఇప్పుడు అక్కడ సుమారు 28,500 మంది అమెరికా సైనికులున్నారు. సియోల్‌కు దక్షిణాన ప్యాంగ్‌టెక్‌లో ఉన్న క్యాంప్ హంఫ్రీస్, అమెరికాకు విదేశాల్లో ఉన్న స్థావరాల్లో విస్తీర్ణంలో అతిపెద్దది. దాని నిర్మాణ వ్యయంలో అధికభాగం భరించింది కొరియానే.

ఈ మైత్రికి కొరియా సామాన్యుడు కట్టే ధర ఏమిటో 2017లో కనిపించింది. ఉత్తర కొరియా క్షిపణులను అడ్డుకునే 'థాడ్' వ్యవస్థను అమెరికా సోంగ్జూ అనే చోట పెట్టాలనుకుంది. ఆ స్థలం 'లోటే' అనే కొరియా వ్యాపార సంస్థకు చెందిన గోల్ఫ్ మైదానం. సంస్థ దాన్ని ప్రభుత్వానికి ఇచ్చి మరో స్థలం తీసుకుంది. ఆ రాడార్ తమ భూభాగం లోపలికి చూస్తుందన్నది చైనా అభ్యంతరం. చైనా ఒక్క తూటా పేల్చలేదు. చైనాలోని లోటే సూపర్‌మార్కెట్లకు అగ్నిమాపక తనిఖీ అధికారులు వెళ్లారు, నిబంధనలు పాటించలేదన్నారు, పదుల సంఖ్యలో దుకాణాలు మూతపడ్డాయి. కొరియాకు చైనా పర్యాటకుల బృందాలు ఆగిపోయాయి. మరుసటి ఏడాదికి లోటే చైనాలోని ఆ దుకాణాల వ్యాపారం నుంచే తప్పుకుంది. థాడ్ మాత్రం సోంగ్జూలోనే ఉంది. అతిపెద్ద వ్యాపార భాగస్వామికి కోపం తెప్పించి మరీ నిలుపుకున్న మైత్రి కాబట్టి, నా లెక్కలో దీని స్థానం చాలా పైన.

యూరప్‌లో ఎవరి దృష్టికీ అంతగా రాని జంట నెదర్లాండ్స్, జర్మనీ. 1940 మే నెలలో జర్మన్ విమానాలు రోటర్‌డామ్ నగరం నడిబొడ్డును నేలమట్టం చేశాయి. ఐదేళ్ల ఆక్రమణ తరువాత గానీ డచ్ ప్రజలకు విముక్తి కలగలేదు. ఆ దేశపు మూడు పోరాట బ్రిగేడ్లూ ఇప్పుడు జర్మన్ డివిజన్లలో భాగాలు: మొదటిది 2014లో చేరింది, చివరిది 2023లో. ఖర్చు తగ్గించుకోవడానికి 2011లో నెదర్లాండ్స్ తన యుద్ధట్యాంకులన్నిటినీ వదిలించుకోవాలని నిర్ణయించింది. తరువాత ట్యాంకు యుద్ధవిద్య పూర్తిగా మరుగున పడుతుందని గ్రహించి, జర్మనీ నుంచి లెపర్డ్ ట్యాంకులు అద్దెకు తీసుకుని, లోయర్ శాక్సనీలోని బెర్గెన్ దగ్గర ఒక జర్మన్ ట్యాంకు బెటాలియన్‌లో తన సైనికులను చేర్చింది. ఒకే బెటాలియన్‌లో రెండు దేశాల సైనికులు, రెండు పార్లమెంట్లు. ఎవరిని యుద్ధానికి పంపాలో ఎవరి పార్లమెంటు వారే తేల్చాలి కనుక, అసలు పరీక్ష ఇంకా రాలేదు. 2024లో మళ్లీ సొంత ట్యాంకులు కొనాలని నెదర్లాండ్స్ నిర్ణయించింది. అయినా బ్రిగేడ్లను వెనక్కి పిలవలేదు.

ఇక మాటలు కోటలు దాటినా కాళ్లు గడప దాటని కూటముల మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. 1954, 1955ల్లో, కమ్యూనిస్టు దేశాలను అడ్డుకోవడానికి అమెరికా ప్రోద్బలంతో ఏర్పడిన సీటో, సెంటో కూటముల్లో చేరిన పాకిస్థాన్, భారత్‌తో యుద్ధం వస్తే అమెరికా ఆదుకుంటుందనుకుంది. 1965లో అమెరికా ఇద్దరికీ ఆయుధాలు ఆపేసింది. అమెరికా ఆయుధాల మీదే ఎక్కువగా ఆధారపడిన పాకిస్థాన్‌కే ఆ దెబ్బ గట్టిగా తగిలింది. రష్యా నాయకత్వంలోని సమష్టి భద్రతా ఒప్పంద సంస్థలో అర్మేనియా సభ్యదేశం. 2022 సెప్టెంబరులో అజర్‌బైజాన్ సేనలు అర్మేనియా భూభాగం మీద దాడి చేసినప్పుడు ఆ సంస్థ సైన్యం పంపలేదు. 2024లో అర్మేనియా తన భాగస్వామ్యాన్ని స్తంభింపజేసింది. చైనాకు ఉత్తర కొరియాతో 1961 నుంచి రక్షణ ఒప్పందం ఉంది, కానీ ఉమ్మడి కమాండ్ లేదు, పరస్పర విశ్వాసం అంతకన్నా లేదు. 2024 జూన్‌లో రష్యాతో కుదిరిన ఒప్పందం తరువాత ఉత్తర కొరియా సైనికులు ఉక్రెయిన్ యుద్ధంలో, రష్యాలోని కుర్స్క్ ప్రాంతంలో రష్యా తరఫున పోరాడి చనిపోయారు కనుక దాన్ని తేలిగ్గా తీసేయలేం. అది యుద్ధావసరం తీరాక కూడా నిలుస్తుందా అన్నది వేరే విషయం. ఇజ్రాయెల్ సంగతి వీటన్నిటికీ తలకిందులు. అమెరికాతో దానికి పరస్పర రక్షణ ఒప్పందమే లేదు. అయినా 2024 ఏప్రిల్‌లో ఇరాన్ దాని మీదికి ప్రయోగించిన డ్రోన్లను, క్షిపణులను అమెరికా బలగాలు కూడా కూల్చాయి.

ఇదంతా చదివినవారు భారత్ ఎక్కడ అని అడుగుతారు. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో చేసుకున్న ఒప్పందమే మనం కూటమికి అతి దగ్గరగా వెళ్లిన సందర్భం. అందులోని 9వ అధికరణం కూడా, దాడి జరిగితే వెంటనే సంప్రదించుకుని తగిన చర్యలు తీసుకోవాలని మాత్రమే చెప్పింది. ఆ డిసెంబరులో భద్రతా మండలిలో సోవియట్ వీటోలు మనకు అక్కరకొచ్చాయి. ఆయుధాల విషయంలో బంధం ఇంకా లోతైనది. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా నిలిచిన కుర్సురా జలాంతర్గామి, 1969 డిసెంబరులో రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. 91 మీటర్ల పొడవున్న ఆ ఇరుకు గొట్టంలో ఒక చివర నుంచి మరో చివరికి నడిచినవారికి, ఒక దేశం మరొక దేశానికి ఎలాంటి వస్తువులు అప్పగిస్తుందో కొంత అర్థమవుతుంది. అణుశక్తితో నడిచే చక్ర జలాంతర్గాములు 1988లోనూ 2012లోనూ అద్దెకు వచ్చాయి. పరాయి దేశానికి అణు జలాంతర్గామిని అద్దెకిచ్చిన ఉదాహరణ మరొకటి లేదు. అంత ఇచ్చినా, పుచ్చుకున్నా, భారత సైనికుడి మీద ఆజ్ఞాధికారం మాస్కోకు ఎన్నడూ లేదు. ఉమ్మడి కమాండ్ లేదు, స్థావరాలు లేవు. నా కొలబద్ద ప్రకారం అది గట్టి సరఫరా బంధమే తప్ప కూటమి కాదు.

కూటమి వద్దనుకోవడం సరైన నిర్ణయమేనని నా నమ్మకం. కొరియాలా యుద్ధకాల నాయకత్వాన్ని పరుల చేతిలో పెట్టడానికి ఇక్కడ ఏ ప్రభుత్వమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అయితే దానికీ ధర ఉంది, ఆ ధరను మనం ఒకసారి కట్టాం. 1962 నవంబరు 19న, ఈశాన్యంలో మన సేనలు చెల్లాచెదురై చైనా సైన్యం అస్సాం మైదానాల వైపు దిగుతున్న వేళ, అలీనోద్యమానికి పేరుమోసిన నెహ్రూ ఒకే రోజున కెన్నెడీకి రెండు లేఖలు రాశాడు. 12 స్క్వాడ్రన్ల యుద్ధ విమానాలను, వాటిని నడిపే అమెరికా సిబ్బందితో సహా పంపమని అడిగాడు. ముందస్తు ప్రణాళిక లేదు, ఉమ్మడి రాడార్ లేదు, ఆ విమానాలు ఎవరి ఆజ్ఞల మీద ఎగరాలో ఎవరూ మాట్లాడుకోలేదు. రెండు రోజుల్లో చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించింది. అమెరికా ఆ విమానాలను పంపేదో లేదో తేలే అవసరం రాలేదు.